పెద్దమనిషి చెవుల మీద వెలుగు

మార్చి 3, సోమవారం

ఈ ఉద్యోగం కూడా మానేస్తా. శనివారం దాకా చూసి మానేస్తా.

పొద్దున్న ల్యాబులో మేడం మళ్ళీ నన్ను స్టూలు మీద కూర్చోబెట్టింది. ఇక్కడ కూర్చోడమే పని. ఫ్లాస్కులో నూనె కాగుతుంటుంది, అందులో మేం చేసే చుక్కలు తిరుగుతుంటాయి, కంటికి ఆనవు. పైనుంచి సిరంజితో ఇంకో మందు బొట్టుబొట్టుగా వదలాలి. ఒక బొట్టు, ఆగు. ఇంకో బొట్టు, ఆగు. ఈ పనికి ఒక మోటారు ఉండేది, పాడైపోయి మూల కూర్చుంది. నేను బాగుచేస్తానని విప్పా. అప్పట్నించి అది ముక్కలుగా డబ్బాలో పడుకుంది, దాని ఉద్యోగం నాకొచ్చింది.

తొమ్మిదిలో బడి మానేసిందే బెంచీ మీద కూర్చోలేక. మెకానిక్ షెడ్డు, కేబుల్ టీవీ, కొరియరు, గ్యాస్ సిలిండర్లు, ఎక్కడా కాలు నిలవలేదు. ఈ ల్యాబుకి సిలిండరు మోసుకొచ్చి, ఆగిపోయిన ఫ్యాను తిప్పినందుకు మేడం పన్లో పెట్టుకుంది. ఇప్పుడు జీతమిచ్చి మరీ కూర్చోబెడుతోంది. కదిలానంటే చాలు, అద్దాల మీంచి చూస్తుంది.

షెడ్డులో నాతో పనిచేసిన బండోడు ఫోన్ చేశాడు. వాడున్న ఊళ్ళో లారీల వర్క్‌షాపులో మనిషి కావాలంట. వస్తానన్నా.

మార్చి 4, మంగళవారం

నాయనమ్మకి దొరికిపోయా.

"రోజూ పోతున్నావు. అసలక్కడేం చేస్తావురా బొంగరం?"

నన్ను పేరు పెట్టి పిలవడం ఎప్పుడో మానేసింది.

"చుక్కలు చేస్తాం. రాగి, గంధకం, ఇంకో లోహం కలిపి గింజ. గింజ మీద జింకు పెంకు. పెంకు మీద చొక్కా."

"వేరుశెనక్కాయకి చొక్కా తొడుగుతున్నావన్నమాట."

"అంత పెద్దది కాదే. నీ వెంట్రుక మందంలో వేలకొద్దీ వరసగా పడుకుంటాయి."

"నా వెంట్రుకల జోలికి రాకు, ఉన్నవే నాలుగు. దేనికవి?"

"లైటు వేస్తే వెలుగుతాయి. పెంకు సరిగ్గా లేకపోతే వెలుగు ఆరిపోతుంది, లోపలి సరుకు బయటికి కారుతుంది. చొక్కా లేకపోతే నీళ్ళలో కలవవు. మన ఒళ్ళంతా నీళ్ళేగా. ఒంట్లోకి పంపించాలంటే చొక్కా ఉండాలి."

"ఒంట్లోకి దీపాలు పంపిస్తారా?"

"చిన్నవైతే పచ్చగా, పెద్దవైతే ఎర్రగా వెలుగుతాయి. ఇంకో రకం ఉన్నాయి, వాటి వెలుగు మన కంటికి కనబడదు. కండలోంచి, తోలులోంచి బయటికొస్తుంది, కెమెరాకే కనబడుతుంది. లోపల ఎక్కడ కొయ్యాలో డాక్టరు చూసుకోవచ్చు."

"కనబడని వెలుగేంట్రా, నీ మొహం" అంది. కానీ అన్నం తింటూ ఇంకో మూడుసార్లు అడిగింది. నేనూ చెప్పా. ఊరికే, ఆవిడ అడిగింది కాబట్టి.

ల్యాబులో ఒక అలవాటు ఉంది. ఇంటికెళ్ళే ముందు అందరం నీలం లైటు కింద చేతులు పెట్టాలి. ఎక్కడన్నా ఎర్రగా మెరిస్తే మళ్ళీ కడుక్కోవాలి. నావి రోజూ మెరుస్తాయి. మోచేతుల దగ్గర కూడా. "అక్కడికెలా ఎక్కింది నాయనా" అంటుంది మేడం. ఒకరోజు చెవిలో మెరిసింది.

మార్చి 6, గురువారం

పెద్దమనిషి ముందుకాలి మీద గడ్డ. నాయనమ్మ బొచ్చు దువ్వుతుంటే చేతికి తగిలిందంట.

పెద్దమనిషంటే కుక్క. ఎవరన్నా పోట్లాడుకుంటుంటే మధ్యలోకెళ్ళి కూర్చుంటుంది, అందుకని ఆ పేరు. నాయనమ్మ కుక్క. షెడ్డు నించి చొక్కాలో పెట్టుకుని తెచ్చింది నేనే, రెండ్రోజులు ఉంచుకోమని. ఆ రెండ్రోజులు ఇంకా అవలేదు. కానీ అన్నం పెట్టేది నాయనమ్మ, కాబట్టి కుక్క నాయనమ్మదే.

ముసలిదైపోయింది. ముసలి కుక్కలకి గడ్డలు వస్తాయి. అందులో ఏముంది.

మార్చి 8, శనివారం

పశువుల ఆస్పత్రికి తీసుకెళ్ళా. నాయనమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఇంకెవరు తీసుకెళ్తారు.

కాంపౌండరమ్మాయి తలుపులోంచి తల పెట్టి "ఈ కుక్క ఎవరిది?" అని అరిచింది.

"మా నాయనమ్మది" అన్నా.

"మీ నాయనమ్మ ఏది?"

"ఇంట్లో ఉంది."

"అయితే కుక్క ఒక్కటే వచ్చిందా?"

డాక్టరు గడ్డలోంచి సూదితో కాస్త తీసి అద్దం కింద చూసి వచ్చాడు. మనిషి నెమ్మది. మంచి గడ్డ కాదన్నాడు.

"గడ్డ కోసేస్తాను, అది పెద్ద పని కాదు. కానీ దాంట్లోంచి ఏదన్నా జారితే ముందు ఒక బిళ్ళలో, అంటే ఒంట్లో నీళ్ళు వడగట్టే గ్రంథిలో ఆగుతుంది. మెడ మొదట్లో, భుజం దగ్గర అలాంటి బిళ్ళలు కొన్నున్నాయి. గడ్డ నీళ్ళు ఏ బిళ్ళకి పోతున్నాయో ఆ బిళ్ళ తియ్యాలి. తప్పు బిళ్ళ తీస్తే జబ్బు లోపలే ఉండిపోతుంది. అప్పుడు ఎన్నాళ్ళో బతకదు."

"అన్నీ తీసెయ్యండి డాక్టరుగారు."

"ఇంట్లో తూములన్నీ మూసేస్తే నీళ్ళెటు పోతాయి? కాలు వాచిపోయి నడవలేదు."

బండోడికి ఈ వారం రానని చెప్పా. ఆ వర్క్‌షాపు నాకెందుకో నచ్చలేదు, అంతే.

మార్చి 10, సోమవారం

మేడంతో కుక్క సంగతి ఊరికే మాటవరసకి అన్నా. ఆవిడ చేతిలో టీ గ్లాసు అలాగే ఆగిపోయింది.

"ఏ బిళ్ళో తెలియాలన్నాడా? మనం చేసేది దాని కోసమేగా."

తర్వాత చెప్పింది. ఇంతవరకూ ఎలుకల్లో చూశారంట, బాగానే ఉన్నాయంట. ఇదే ఆస్పత్రితో మాట్లాడి, అనుమతులన్నీ తెచ్చుకుని, ఒప్పుకునే కుక్క కోసం చూస్తున్నారంట. కనబడని వెలుగు చుక్కల్ని గడ్డ చుట్టూ సూదితో వేస్తే, గడ్డ నీళ్ళు పోయే దారినే అవీ పోయి ఆ బిళ్ళలో ఆగుతాయి. కెమెరా పెడితే ఆ బిళ్ళ ఒక్కటే వెలుగుతుంది.

"కుక్క ఎవరిది?"

"మా నాయనమ్మది."

"ఆవిడ ఒప్పుకోవాలి."

నాయనమ్మ ముందు మేడంని ఇంటికి రప్పించి కూర్చోబెట్టింది. చొక్కా ఊడిపోతే ఏమవుతుంది, పెంకు పగిలితే ఏమవుతుంది, అన్నీ అడిగింది. మేడం అన్నిటికీ దాచకుండా చెప్పింది. ఇంతవరకూ కుక్కకి వెయ్యలేదని కూడా చెప్పింది. చివరికి నాయనమ్మ పెద్దమనిషి వైపు తిరిగి "ఏరా, ఏమంటావు?" అంది. అది వెళ్ళి మేడం కాళ్ళ మీద పడుకుంది.

"ఒప్పుకున్నాడు" అంది నాయనమ్మ.

ఆపరేషను ఇరవై ఒకటిన.

మార్చి 12, బుధవారం

చెడగొట్టా.

పెంకు కట్టే పని నాదే కదా. ఒక బొట్టు, ఆగు. బాగానే చేస్తున్నా. బండోడు ఫోన్ చేశాడు, అది జేబులో కొట్టుకుంటూనే ఉంది, కాలు ఆడుతూనే ఉంది, తొందరగా అయిపోతుంది కదా అని రెండేసి బొట్లు వదిలా. ఎవరూ చూళ్ళేదు. తర్వాత చొక్కా తొడిగి ఉప్పునీళ్ళలో వేసి చూశారు. పాలు విరిగినట్టు విరిగిపోయింది. పెంకు ఎగుడుదిగుడుగా పడితే దాని మీద చొక్కా నిలవదంట.

మేడం తిట్టలేదు. "ఇంకొక్కసారికే సరిపడా సరుకుంది" అంది. తిట్టినా బాగుండేది.

ఇంటికొస్తే పెద్దమనిషి గుమ్మం దాకా వచ్చింది. కాలు కుంటుతోంది. నేను తిన్నగా లోపలికి వెళ్ళిపోయా.

మార్చి 14, శుక్రవారం

ఫోన్ నాయనమ్మ దగ్గర వదిలేసి వెళ్ళా.

కూర్చున్నా. బొట్టు, ఆగు. బొట్టు, ఆగు. మొదట్లో పిక్కల్లో చీమలు పాకినట్టుంది. ముక్కు దురద. తర్వాత వీపు. తర్వాత ఎందుకో మా వరండా గుర్తొచ్చింది, మధ్యాహ్నం పెద్దమనిషి పడుకుంటే డొక్క పైకి లేస్తుంది, ఆగుతుంది, కిందికి దిగుతుంది. పైకి లేచినప్పుడు ఒక బొట్టు వదిలా. అంతే, ఇంకేం ఆలోచించలేదు.

మేడం వచ్చి భుజం మీద తట్టి "ఇంక లే, అయిపోయింది" అంటే ఉలిక్కిపడ్డా. భోజనాలు కూడా అయిపోయాయంట. నన్నెవరూ పిలవలేదు.

"పిలిస్తే లేచిపోతావని భయమేసింది" అంది.

మార్చి 17, సోమవారం

ఉప్పునీళ్ళలో నిలిచింది. సీసా అవతల పేపరు పెడితే అక్షరాలు చదవొచ్చు, అంత తేటగా ఉంది.

మేడం అందరికీ బిస్కెట్లు పంచింది. నాకు రెండిచ్చింది. ఒకటి జేబులో వేసుకున్నా. ఇంటికొచ్చేసరికి పొడైపోయింది, పొడే పెట్టా. నాయనమ్మ కుక్కకి.

మార్చి 21, శుక్రవారం, ఆస్పత్రి బెంచీ మీద

మేడం కార్లో వచ్చాం. వెనక సీట్లో నేను, కుక్క, మందు సీసా ఉన్న డబ్బా. సీసాని గ్లోవ్స్ లేకుండా ముట్టుకోవద్దంది, అందుకని దారంతా వేసుకునే ఉన్నా. ల్యాబు నించి బయల్దేరేముందు మేడం అలవాటుగా నీలం లైటు వేసి గ్లోవ్స్‌తోనే నా చేతులు చూసింది. ఒక్క మెరుపు లేదు. "మొదటిసారి నీ చేతులు శుభ్రంగా ఉన్నాయి" అంది.

ఇక్కడ మెడ దగ్గర, కాలి దగ్గర బొచ్చు గొరిగారు. కాస్త పట్టుకోమంటే పట్టుకున్నా. అంతకుమించి దాన్ని ముట్టుకోలేదు. కార్లో కూడా అది దాని మానాన పడుకుంది, నేను కిటికీలోంచి రోడ్డు చూశా. ఎవడో రోడ్డు తవ్వుతున్నాడు, కళ్ళలో ఒకటే దుమ్ము.

ఇది రాద్దామని ఇప్పుడే ఒక గ్లోవ్ తీశా. పిలుస్తున్నారు.

అదే రోజు, సాయంత్రం, ఇంట్లో

మొదట్నించీ రాస్తా, లేకపోతే నిద్ర పట్టదు.

పెద్దమనిషికి మత్తిచ్చి బల్ల మీద పడుకోబెట్టారు. నాలుక పక్కకి వేలాడుతోంది. డాక్టరు, కాంపౌండరమ్మాయి, కెమెరా దగ్గర మేడం, గోడకి ఆనుకుని నేను. సూది వెయ్యకముందు ఒకసారి ఖాళీగా చూడాలంట, తర్వాత తేడా తెలియడానికి. గదిలో లైట్లు తీసేశారు. మేడం కెమెరా తిప్పింది. పక్కన చిన్న టీవీలో నల్లగా రావాలి.

కుక్క మొత్తం వెలిగింది.

డాక్టరే ముందు అన్నాడు. "ఇంకా మందు వెయ్యనే లేదు. ఇదేంటి మేడం?"

మేడం కెమెరా ఆపింది, మళ్ళీ వేసింది. మళ్ళీ వెలిగింది. వీపు మీద చారలు చారలుగా, నుదుటి మీద, పొట్ట పక్కన. చెవులైతే మరీ, రెండు మంటల్లా ఉన్నాయి. గొరిగిన మెడ మీద తెల్లటి మరక, సరిగ్గా ఆ బిళ్ళలుండే చోటే. కాంపౌండరమ్మాయి వంగి చూసి, "ఇవి వేళ్ళు కదా" అంది.

నిజమే. ఐదు వేళ్ళు, అరచెయ్యి, బొటనవేలు. ఎడాపెడా, ఒకదాని మీద ఒకటి.

అందరూ నా వైపు తిరిగారు. మేడం కెమెరా కూడా తిప్పింది. టీవీలో నా చెయ్యి, గ్లోవ్ ఉన్నది, దీపంలా వెలుగుతోంది. సీసా నింపేటప్పుడు చుక్కో అరచుక్కో కారి ఉంటుంది. కనబడని వెలుగు చుక్కలు నీలం లైటుకి మాత్రం ఎందుకు కనబడతాయి? నాకు తట్టలేదు. మేడంకీ తట్టలేదు. అన్నాళ్ళ అలవాటు, లైటు వేశాం, మెరవలేదు, శుభ్రంగా ఉందనుకున్నాం.

కెమెరా ఇంకాస్త పైకి వచ్చింది. నా మొహం. కళ్ళ కింద నించి చెంపల మీదికి రెండు తెల్లటి గీతలు, మునివేళ్ళతో తుడుచుకున్నట్టు.

"చెమట" అన్నా.

కాంపౌండరమ్మాయి మాస్కు కాస్త కదిలింది.

డాక్టరు గొంతు అప్పుడు కూడా నెమ్మదిగానే ఉంది, అదే భయమేసింది. "మెడ మీద ఈ మరకుంటే లోపలి బిళ్ళ కనబడదు. ముసలి కుక్క, మత్తులో ఎక్కువసేపు ఉంచలేను. కడగండి. నల్లగా వస్తే చేస్తాను, లేకపోతే గడ్డ ఒక్కటి తీసి కుట్టేస్తాను, బిళ్ళ సంగతి దేవుడికొదిలేద్దాం."

నేను ముందుకెళ్ళబోతే ముగ్గురూ ఒకేసారి "ముట్టుకోకు" అన్నారు. రెండు చేతులూ పైకెత్తి దొంగలా నిలబడ్డా. కాంపౌండరమ్మాయి గ్లోవ్స్ మార్చుకుని సబ్బునీళ్ళు, దూది తీసుకుంది.

"ఎక్కడెక్కడ పట్టుకున్నావో చెప్పు."

"మెడ దగ్గర."

"అది కనబడుతోంది. ఇంకా?"

"చెవులు."

"ఇంకా?"

"గడ్డం కింద. పొట్ట. పాదాల సందుల్లో, అక్కడ గోకితే దానికి ఇష్టం."

"ఇంకా?"

"మూతి మీద ముద్దు పెట్టా. ఒకసారే."

"రెండు మరకలున్నాయి" అంది మేడం కెమెరాలో చూస్తూ.

మెడ కడిగారు, తుడిచారు, కెమెరా పెట్టారు. బూడిద రంగు. మళ్ళీ కడిగారు. దూది మార్చారు. డాక్టరు మత్తు యంత్రం వైపు చూస్తున్నాడు. నేను పెద్దమనిషి డొక్క వైపు చూస్తున్నా. పైకి లేస్తోంది, ఆగుతోంది, దిగుతోంది. అది ఆగకూడదు, మెడ నల్లగా రావాలి. నేను అడిగింది ఈ రెండే. ఎవర్ని అడిగానో తెలీదు.

నల్లగా వచ్చింది. చెవులు ఇంకా కాస్త మెరుస్తూనే ఉన్నాయి. "చెవులతో మనకి పన్లేదు" అని డాక్టరు గుడ్డ కప్పేసి, సీసా అందుకున్నాడు. గడ్డ చుట్టూ సూది వేశాడు.

కాలి మీద ఆవగింజంత వెలుగు. కాసేపు అక్కడే ఉంది. తర్వాత సన్నటి గీత, జుట్టు పోగులా, కాలెంబడి పైకి పాకింది. గీత భుజం ఎక్కింది, మెడ మొదటికి వచ్చి లోపలికి దిగింది. కాసేపు ఏం లేదు. తర్వాత చర్మం కింద చిన్న చుక్క వెలిగింది. ఒక్కటే.

డాక్టరు వేలితో పక్కన నొక్కి చూశాడు. "చేత్తో చూస్తే ఈ పెద్దది తగులుతోంది. నేనైతే దీన్నే తీసేవాణ్ణి. వెలిగేది దీని వెనకున్న చిన్నది." ఆ చిన్నదాన్నే తీశాడు. పళ్ళెంలో వేస్తే అక్కడా వెలిగింది. మేడం అద్దాలు తీసి తుడుచుకుంది. ఆవిడక్కూడా చెమటే అయ్యుంటుంది.

నాయనమ్మకి ఫోన్ చేసి చెవుల దగ్గర్నించి మొదలెట్టా. కాంపౌండరమ్మాయి ఫోన్ లాక్కుని చెప్పింది. ఏం చెప్పిందో గానీ నాయనమ్మ నవ్వు గది బయటిదాకా వినిపించింది.

మార్చి 22, శనివారం

కెమెరా పట్టుకుని ల్యాబు, కారు అంతా తుడిచా, నా మరకలు నేనే. కారు తలుపు, సీటు బెల్టు, ల్యాబులో బీరువా పిడి, కుళాయి, మేడం కుర్చీ వీపు, గడియారం. గడియారాన్ని ఎందుకు ముట్టుకున్నానో నాకే తెలీదు. ఇంతలా తిరుగుతానా నేను? స్టూలు మీద మాత్రం ఒక్క మరకే ఉంది.

ఇంకనించి చేతుల్ని నీలం లైటు కింద ఒకసారి, కెమెరా కింద ఒకసారి పెట్టాలని మేడం గోడ మీద కాగితం అంటించింది. కింద ఎవరో 'మూతి కూడా' అని రాశారు.

మార్చి 28, శుక్రవారం

ఆ చిన్న బిళ్ళలో జబ్బు అప్పుడే మొదలైందంట. మొదలైందంతే. చుట్టుపక్కల శుభ్రం. పెద్దదాంట్లో ఏమీ లేదని సూదితో చూసి మరీ చెప్పారు.

డాక్టరు రెండుసార్లు చెప్పాడు. నేను ఇంకోసారి చెప్పమన్నా.

మార్చి 31, సోమవారం

కొత్త మోటారు వచ్చింది. బిగించమంది మేడం. ఇవాళ చేతిలో పనుంది, బుధవారం బిగిస్తానన్నా. డబ్బా కనబడుతుంటే అడ్డంగా ఉందని బీరువా పైన పెట్టా.

ఇంకో కుక్క వస్తోందంట, ఏదో బడి పంతులమ్మగారిది. దానికి చుక్కలు చెయ్యాలి.

ఏప్రిల్ 4, శుక్రవారం

ఇవాళ పెద్దమనిషికి కుట్లు విప్పించా. మెడ మీద బొచ్చు మొలుస్తోంది, గరుగ్గా, గడ్డం గీసుకున్న మర్నాడులా. నడుస్తున్నాడు. కుంటడంలేదు. దారిలో రెండు పిల్లులు కొట్టుకుంటుంటే మధ్యలోకి వెళ్ళి కూర్చున్నాడు, రెండూ కలిసి వాణ్ణి తరిమాయి.

కాంపౌండరమ్మాయి తలుపులోంచి తల పెట్టింది. మమ్మల్ని చూసి కూడా, కావాలనే, "ఈ కుక్క ఎవరిది?" అంది.

"నాది."

"పోయినసారి నాయనమ్మదన్నావు."

"ఆవిడ నాకిచ్చేసింది."

"ఎప్పుడు?"

"చాన్నాళ్ళయింది. నేనే చూసుకోలేదు."

ఇంటికొచ్చి చెప్తే నాయనమ్మ గిన్నె నా చేతిలో పెట్టి, "అయితే అన్నం కూడా నువ్వే పెట్టు, స్నానం నువ్వే చేయించు, నేను కాళ్ళు చాపుకుంటా" అంది. చాపుకుంది కూడా. వాడు వెళ్ళి ఆ కాళ్ళ మీదే పడుకున్నాడు.

బండోడు ఫోన్. "ఒరేయ్, ఆఖరిసారి అడుగుతున్నా. వస్తున్నావా లేదా?"

"కుదర్దురా. పెద్దమనిషి ఒప్పుకోడు."

"పెద్దమనిషెవడ్రా, మీ ఓనరా?"

నా చెయ్యి పెద్దమనిషి చెవి మీద ఉంది. శుభ్రంగా కడుక్కున్న చెయ్యే, ఏ కెమెరాకీ కనబడదు.

"అవున్రా" అన్నా. "ఓనరే."